దొరసానికి చెప్పే లెక్క

మార్చి 4, మంగళవారం

పొద్దున షాపుకి బాగుచేయమని చక్రం ఊడిన పెట్టె ఒకటి వచ్చింది. మధ్యాహ్నం వరసగా బడిసంచులు. అన్నిటికీ ఒకటే జబ్బు, భుజం పట్టీ తెగడం. సాయంత్రం ఒక పెద్దమనిషి తాళంచెవి పోయిన తోలుపెట్టె తెచ్చాడు. "లోపలేముందండీ?" అంటే, "అది తెలుసుకుందామనే తెచ్చాను. మా నాన్నగారిది" అన్నాడు. తెరిస్తే లోపల ఇంకో చిన్న పెట్టె. దానికీ తాళమే. "బతికినంత కాలం ఇంతే మా నాన్న" అని నవ్వాడు. రెండోది రేపు తెరవాలి.

రాత్రి పడుకోబెట్టేటప్పుడు మా అమ్మాయి దొరసానికి ఇదంతా చెప్పాను. షాపుకి ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఏమన్నారు, ఆ పెట్టె ఎక్కడికి ప్రయాణం, ఇవన్నీ రోజూ అప్పజెప్పాలి. దీన్ని అది లెక్క అంటుంది. లెక్క అప్పజెప్పకపోతే దానికి నిద్ర రాదు. ఎవరినైనా మర్చిపోతానేమోనని షాపులో కూర్చుని ఈ పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు లెక్కలో చేరనివి కూడా ఇందులోనే పడుతున్నాయి.

"రెండో... పెట్టె?" అంది. ఈమధ్య ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి కావాలి దానికి.

"రేపు తెరుస్తా దొరసానీ."

"మోసం."

ఊపిరి యంత్రం మాస్కు పెట్టాను. పడుకుంది.

పగలు నర్సమ్మ వచ్చి వెళ్ళిందట. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళకు తిరిగే సంస్థలో పని చేస్తుంది. పోయిన ఏడాది నుంచి వారం వారం వస్తోంది. యంత్రం ఇప్పించింది, చక్రాల కుర్చీ ఇప్పించింది. ఈసారి కొత్త మాట తెచ్చింది. వాళ్ళకు ఒక ఇల్లు ఉందట. పిల్లల్ని ఐదు రోజులు అక్కడ ఉంచుకుని చూసుకుంటారట. ఆ ఐదు రోజులూ ఇంట్లోవాళ్ళు కాస్త నడుం వాల్చొచ్చట. చెబుతున్నంతసేపూ మా ఆవిడ నా మొహం వంక చూడలేదు. మంచం కోడు వంక చూస్తూ చెప్పింది. నేను "చూద్దాం" అన్నాను.

మార్చి 5, బుధవారం

రెండో పెట్టెలో మూడో పెట్టె లేదు. ఒక కళ్ళజోడు ఉంది. పెద్దమనిషి పెట్టుకుని చూశాడు. "నాకు సరిపోయిందే!" అని అది పెట్టుకునే వెళ్ళిపోయాడు. పెట్టె మర్చిపోయాడు.

దొరసాని చాలాసేపు నవ్వింది. నవ్వితే దానికి దగ్గొస్తుంది, దగ్గొస్తే లేపి కూర్చోబెట్టాలి. తెలిసే నవ్వించాను.

మార్చి 7, శుక్రవారం

ఇంటికి వెళ్ళేసరికి గడప దాటి నీళ్ళు వస్తున్నాయి. మా ఆవిడ కుళాయి పట్టుకుని నిలబడే నిద్రపోయింది. బకెట్టు ఎప్పుడో నిండింది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, "తిప్పాను, ఇప్పుడే తిప్పాను" అంది.

దొరసాని తనకు తానుగా పక్కకు తిరగలేదు. రాత్రంతా లేచి లేచి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. అది ఆవిడ పని. పగలు షాపు చూసుకోవాలి కాబట్టి నేను పడుకోవాలని ఆవిడే నియమం పెట్టింది. నేను కాదనలేదు.

నీళ్ళు తుడుస్తూ అంది. "నాకు బట్టలొద్దు, నగలొద్దు, ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. పడుకుని, ఎవరూ లేపకుండా, నా అంతట నేను కళ్ళు తెరవాలి. ఒక్కసారి. ఆ ఇంటికి పంపిద్దామండీ."

"దానికి కొత్త చోటు పడదు."

"దానికా, మీకా?"

షాపులో పని ఎక్కువగా ఉంది ఈ వారం.

మార్చి 8, శనివారం

పంపాలంటే దాని బట్టలకు నీలం సంచి సరిపోతుంది. తీసి చూశాను. జిప్పు బిగుసుకుపోయింది. చూడాలి.

మార్చి 11, మంగళవారం

ఆ ఇల్లు చూసి వచ్చాను. ఇద్దరం వెళ్దామంటే మా ఆవిడ రానంది. "మీకు నచ్చితే చాలు. నాకు నచ్చక్కర్లేదు" అంది.

మామూలు వీధిలో మామూలు ఇల్లు. బయట బోర్డు చిన్నది. ఒక పక్క బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం, ఇంకో పక్క మూసి ఉన్న గరాజు. లోపల గడపలు లేవు. తలుపులు ఒక మంచం అడ్డంగా పట్టేంత వెడల్పు. గోడలు ఖాళీగా ఉన్నాయేమిటి, పిల్లలుండే చోట బొమ్మలు వెయ్యలేదేమిటి అనుకున్నాను. నర్సమ్మ పైకి చూడమంది. బొమ్మలన్నీ పైకప్పుకి ఉన్నాయి. వసారా పొడవునా చేపలు, పడవలు, ఒక తిమింగలం. ఇక్కడి పిల్లలు ఎక్కువగా పడుకునే వెళ్తారు కదా, అందుకని.

ఒక గదిలో ఎవరి అబ్బాయో నిద్రపోతున్నాడు. పక్కన కూర్చున్న మనిషి వాడి పాదాలకు మేజోళ్ళు తొడుగుతోంది. వేలు వేలుకీ సర్దుతోంది. తొందర లేదు.

నేను మంచాల బిగింపులు చూశాను. కిటికీ గడియలు చూశాను. పరుపు తొడుగుల జిప్పులు లాగి చూశాను. మంచి రకం.

"ఏం వెతుకుతున్నారు పాప నాన్నగారూ?" అంది నర్సమ్మ.

"ఏమీ లేదు."

"ఫర్వాలేదు, నాన్నలందరూ వెతుకుతారు. ఒకాయన మెట్లు కొలిచాడు."

"దొరికిందా?"

"ఒక మెట్టు కొంచెం ఎత్తట. తర్వాత ఆయనే వచ్చి చెక్కి వెళ్ళాడు."

అడగాలనుకుని వెళ్ళిన మాట బయటికి వచ్చేటప్పుడు అడిగాను. ఇక్కడికి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్తారా అని. ఆవిడ నడుస్తున్నది ఆగింది. "వెళ్తారు. ఎప్పుడైనా, చివర్లో ఇక్కడే ఉంటామని ఇంటివాళ్ళే అడుగుతారు. అది వేరే సంగతి. మీ పాపకి ఉన్నది తగ్గే జబ్బు కాదు, ఆ సంగతి మనం దాచుకోవడం లేదు. కానీ ఇప్పుడు మాట్లాడుతున్నది అది కాదు. వస్తుంది, ఐదు రోజులుంటుంది, ఇంటికెళ్తుంది."

వంటింట్లో ఒక కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఇంటికొచ్చి మా ఆవిడతో ఆ మాటే చెప్పాను.

"మనింట్లో రెండు కారుతున్నాయి" అంది.

మార్చి 14, శుక్రవారం

జిప్పు రాలేదు.

మార్చి 16, ఆదివారం

షాపు సెలవు. మధ్యాహ్నం ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. మా ఆవిడ దొరసాని తల దువ్వుతూ, "ఊళ్ళో వాళ్ళ పెట్టెలన్నీ బాగుచేసి దేశాల మీదకి తోలతారు మీ నాన్న. ఇంట్లో సంచికి మాత్రం జిప్పు వేయడం చేతకాదు" అంది.

"రన్నరు అరిగింది. దాని సైజు దొరకాలి" అన్నాను.

"ఏ... సంచి?" అంది దొరసాని.

దానికి తెలియకుండా ఇంట్లో ఏదీ జరగదు. తల తిప్పడం దాని చేత కాదు కాబట్టి చెవులతోనే అన్నీ చూస్తుంది. మా ఆవిడే చెప్పింది, ఇల్లు సంగతి, ఐదు రోజుల సంగతి, పైకప్పు మీద తిమింగలం సంగతి. తిమింగలం గురించి ఆవిడతో నేనెప్పుడు చెప్పానో గుర్తులేదు.

దొరసాని ఆలోచించింది. "వెళ్తా" అంది.

"కొత్త చోటు తల్లీ. నాన్న ఉండడు అక్కడ" అన్నాను.

"నేను... ఎప్పుడూ... ఎక్కడికీ... వెళ్ళలేదుగా."

దాని వయసు పిల్లలు ఎక్కడెక్కడికి వెళ్ళొస్తున్నారో రోజూ లెక్కలో చెప్పింది నేనే.

మార్చి 18, మంగళవారం

నీలం సంచి షాపుకి తెచ్చి బల్ల కింద పెట్టాను. పక్క దుకాణం జిరాక్సాయన టీ పట్టుకొచ్చి, కాలికి తగిలితే బయటికి లాగాడు.

"ఏం గురూగారూ, ఎవరో గిరాకీ వదిలేసి పోయారా?"

"మా అమ్మాయిది. జిప్పు రావడం లేదు."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి జిప్పు పళ్ళ మీద పైనుంచి కిందికి రుద్దాడు. రెండుసార్లు ఆడించాడు. వెన్నలో కత్తిలా జారింది. "బోర్డు పీకేసి నాకు ఇచ్చేయండి, జిరాక్సూ జిప్పులూ అని రాయిస్తా" అన్నాడు.

పెన్సిలు ముల్లు రుద్దడం నాకు తెలియని కిటుకేమీ కాదు. తోచలేదు.

మార్చి 20, గురువారం

వచ్చే సోమవారం అని ఖాయమైంది. దాన్ని ఎలా చూసుకోవాలో నేర్చుకోవడానికి నర్సమ్మ వచ్చింది. పుస్తకం తీయలేదు. దొరసాని పక్కన కూర్చుని, నేను చెబుతుంటే తన చేతులతోనే చేస్తానంది, తప్పు చేస్తే చెప్పమంది.

అన్నీ చెప్పాను. పక్కకు తిప్పేటప్పుడు ముందు తల, తర్వాత భుజం, చివర మోకాళ్ళు. ఎడమ మోకాలి కింద దిండు మెత్తనిది కాదు, పాత దుప్పటి మడత. మాస్కు పట్టీ చెవి పైనుంచి పోవాలి, చెవి మీదనుంచి కాదు. చెంచా కుడివైపు నుంచి ఇవ్వాలి, మింగే దాకా రెండో చెంచా చూపించకూడదు, చూపిస్తే కంగారుపడుతుంది. చల్లటి నీళ్ళు పనికిరావు. కళ్ళు అదేపనిగా ఆర్పితే ముక్కు దురద.

"గోకాలి... గట్టిగా" అంది దొరసాని.

నర్సమ్మ బాగా నేర్చుకుంటుంది. చేతులు తేలిక. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"మరి నిద్ర? పడుకోబెట్టేటప్పుడు ఏమైనా చేయాలా?"

"ఏం లేదు. దానంతట అదే పడుకుంటుంది" అన్నాను.

మా ఆవిడ అప్పటికి వంటింట్లోకి వెళ్ళింది. దొరసాని నా వంకే చూస్తోంది. అది ఎప్పుడూ నా వంక చూస్తూనే ఉంటుంది.

అన్నీ చెప్పాను.

మార్చి 24, సోమవారం

దిగబెట్టి వచ్చాం. వసారాలో మంచం తోసుకెళ్తుంటే తిమింగలం కింద ఆపమంది. ఆపారు. చాలాసేపు చూసి, "తోక... చిన్నది" అంది. నర్సమ్మ, "గీసినాయనకి చెప్తా. ఆయనకి తిక్క, మళ్ళీ మొత్తం గీస్తాడు" అంది.

మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పడుకుంది. విప్పాను.

ఫోను బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాను. దాన్ని పడుకోబెట్టే వేళ అయింది, దాటింది. నిద్రపోవడం లేదని ఆ ఇంటి నుంచి ఫోను చేస్తారు. చేస్తే వెంటనే బయలుదేరడానికి చొక్కా విప్పలేదు.

చేయలేదు.

మార్చి 25, మంగళవారం

ఫోను పాడైందేమోనని జిరాక్సాయన చేతికిచ్చి, ఆయన ఫోను నుంచి దానికి చేయించాను. మోగింది. ఎత్తి "హలో" అన్నాడు ఆయన, రెండు ఫోనులూ ఆయన చేతిలోనే ఉన్నాయి. "మీ ఇంట్లో ఎవరూ లేరండీ" అన్నాడు.

మా ఆవిడ నిన్న పడుకున్నది ఈ రోజు మధ్యాహ్నం లేచింది. లేచి, తిని, మళ్ళీ పడుకుంది. నిద్రలో చెయ్యి మాత్రం పక్కన వెతుకుతోంది, తిప్పడానికి.

ఫోను రాలేదు.

మార్చి 26, బుధవారం

వాద్యాలవాళ్ళు వచ్చారు. పెద్ద డోలు సంచి, అడుగు చిరిగింది. ఇద్దరు మోసుకొచ్చారు. లావాటివాడు మాట్లాడతాడు, సన్నటివాడు నవ్వుతాడు. "దీన్ని నేను వాయిస్తా, వాడు మోస్తాడు. పేరు నాకు, నడుం నొప్పి వాడికి" అన్నాడు లావాటివాడు. సన్నటివాడు "చప్పుడు వినే శిక్ష కూడా నాకే" అన్నాడు. పట్టీ కొత్తది వేశాను, అడుగున తోలు రెండు వరసలు కుట్టాను. రేవు దాటి పడవ మీద అవతలి ఊరికి వెళ్తున్నారట. పడవలో డోలుకి కూడా టిక్కెట్టు అడుగుతారని లావాటివాడి భయం. నిద్రపోతున్న పెద్దమనిషి అని దుప్పటి కప్పుతామన్నాడు. వాళ్ళు వెళ్ళాక ఒక ముసలావిడ, చేతిసంచి, పిడి. ఏమీ మాట్లాడలేదు. అదేమో గానీ ఆవిడ సంచిలో ఇంకో సంచి, దానిలో ఇంకో సంచి.

అంతా రాశాను. రాసి ఏం చేయాలో తెలియలేదు.

ఫోను రాలేదు. అది నిద్రపోక ఏడుస్తుంటే మాకు చెప్పకుండా దాస్తున్నారని అనుకుంటున్నాను. నర్సమ్మ అలాంటి మనిషి కాదు.

మార్చి 27, గురువారం

కుళాయికి వాషరు కొని, సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాను. బాగుచేస్తానని నేను ఎవరితోనూ అనలేదు. నర్సమ్మ నన్నూ నా చేతిలో రెంచినీ చూసి, వంటింటి వైపు దారి ఇచ్చింది.

నేను కుళాయి విప్పుతుంటే స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక సంగతి చెప్పడం మర్చిపోయారు మీరు."

నేను వాషరు కోసం జేబు వెతికాను.

"మొదటి రోజు పడుకోబెడితే కళ్ళు మూయలేదు. నొప్పా అంటే కాదు, భయమా అంటే కాదు. లెక్క అంటుంది. నాతో పని చేసే ఇంకొకామె కూడికలు అడిగింది పాపం. అప్పుడు తనే చెప్పింది, మాట మాటకీ ఆగి, ఎలా చేయాలో. ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు. మాకు పెట్టెలు రావు కదా. గ్యాసు బండాయన వచ్చాడు, బొమ్మలాయన తోక పెంచడానికి వచ్చాడు, వాళ్ళ సంగతే చెప్పాం. చివరికి పడుకుంది. రోజూ పడుకుంటోంది."

"మర్చిపోయాను" అన్నాను.

"అవుతుంది" అంది. నా వంక చూడలేదు, అది మర్యాద. "కానీ తను ఒకటి అడిగింది. నాన్న ఎవరికి చెప్తాడు అని. రోజూ అదే అడుగుతోంది. మీ అమ్మకి చెప్తాడులే అని ఊరుకోబెట్టాను. అబద్ధమా?"

కుళాయి బిగించాను. కారడం ఆగింది. మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాను.

దొరసాని మెలకువగానే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"అమ్మ?"

"పడుకుంటోంది. నిద్ర లోటంతా తీర్చుకుంటోంది."

"చెప్పావా?"

"ఏంటి?"

"లెక్క. అమ్మకి."

"అమ్మ నిద్రపోతోందిగా తల్లీ. నీకు చెప్పనా ఇప్పుడు? డోలు వాళ్ళు వచ్చారు నిన్న..."

"నాకు... ఇక్కడ... ఉంది." ఊపిరి తీసుకుంది. "ఆ డోలు... అమ్మకి."

మాస్కు నర్సమ్మ పెట్టింది. పట్టీ చెవి పైనుంచి పోయింది.

మార్చి 28, శుక్రవారం

షాపు తొందరగా కట్టేశాను. మా ఆవిడ లేచి కూర్చుని ఉంది. మొహం మారింది. ఈ మొహం నేను మర్చిపోయి చాలా కాలమైంది.

ఎదురుగా కూర్చుని, "డోలు సంచి ఒకటి వచ్చింది" అన్నాను. అంతా చెప్పాను, లావాటివాడు, సన్నటివాడు, దుప్పటి. ఆవిడ నవ్వింది.

"ఆ ఒంటెలవాడి పెట్టె నిజమేనా? అప్పుడెప్పుడో చెప్పారు."

"నీకెలా తెలుసు?"

"వినపడకపోవడానికి ఇదేమైనా రాజుగారి కోటా? గోడవతలేగా వంటిల్లు. రోజూ వింటూనే ఉన్నా. గిన్నెలు చప్పుడు కాకుండా కడిగేదాన్ని."

"ఒంటెలవాడు అబద్ధం" అన్నాను. "ఆ రోజు షాపుకి ఎవరూ రాలేదు."

"అనుకున్నా" అంది. ఆ వెంటనే, "పెన్సిలు సంగతి జిరాక్సాయన చెప్పాడు" అంది.

ఈ రాత్రి నుంచి తిప్పడం వంతుల మీద చేద్దామన్నాను. రేపు కదా అది వచ్చేది, ఈ రాత్రి ఎవర్ని తిప్పుతారు అంది.

మార్చి 29, శనివారం

దొరసాని ఇంటికొచ్చింది. తిమింగలం తోక పెద్దదైందట. ఈ రోజు లెక్క అది చెప్పింది, నేను విన్నాను. చాలాసేపు పట్టింది.

ఏప్రిల్ 9, బుధవారం

తిప్పడం నా వంతు. నాకూ కుళాయి దగ్గర కునుకు పట్టింది. ఎవరికీ చెప్పలేదు.

మే 22, గురువారం

రెండు రోజులుగా దొరసానికి మాట రావడం లేదు. డాక్టరు చూశాడు. ఇక రాదు అన్నాడు. అవును అంటే కళ్ళు పైకి, కాదు అంటే కళ్ళు మూయడం. అది మాకంటే ముందే ఈ పద్ధతి ఆలోచించి పెట్టుకున్నట్టుంది.

పొద్దున జిప్పులు. మధ్యాహ్నం ఎవరూ లేరు. ఎవరూ రాలేదనే చెప్పాను.

జూన్ 16, సోమవారం

రెండోసారి దిగబెట్టాను. నీలం సంచి జిప్పుకి కొత్త రన్నరు నిన్ననే వేశాను.

నర్సమ్మ మంచం పక్కన కూర్చుని, "ఏమైనా మారిందా? మళ్ళీ నేర్పండి" అంది.

మోకాలి కింద దుప్పటి అదే. చెంచాలు లేవు ఇప్పుడు, గొట్టం. తర్వాత నేనే అన్నాను. "లెక్క సంగతి ఒకటుంది. ముందు పెట్టె గురించి చెప్పండి. ఏ రంగు, ఏం విరిగింది, తెచ్చినవాళ్ళు ఏమన్నారు. ఎక్కడికి వెళ్తోందో మాత్రం చెప్పకండి. అక్కడ ఆగాలి. ఎక్కడికి అని అడగడం దాని వంతు."

"ఇప్పుడు మాట రాదు కదండీ, ఎలా అడుగుతుంది?"

"అడుగుతుంది. మనకు వినపడదు. ఆ మాటకి దానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగి, అప్పుడు చెప్పండి. ముందే చెప్పేస్తే కళ్ళు మూసేస్తుంది."

ఆవిడ చేసి చూపించింది. గ్యాసు బండాయన కొత్త మనిషట, మీసాలున్నాయట, బండ దించుతూ పాట పాడాడట. ఆగింది.

"ఇంకొంచెం ఆగాలి" అన్నాను.

ఇంకొంచెం ఆగింది. దొరసాని కళ్ళు పైకి వెళ్ళాయి.

నేను వచ్చేశాను.

మా ఆవిడ ఇంకా పడుకోలేదు. చెప్పులు విప్పుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఎవరొచ్చారు?" అంది.

"పెద్ద ఎర్రపెట్టె. పిడి విరిగింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు తెచ్చారు. విరగ్గొట్టింది నువ్వంటే నువ్వని షాపులోనే పోట్లాడుకున్నారు. చివరికి తప్పు పెట్టెదే అని తేల్చుకున్నారు."

అలవాటు కొద్దీ అక్కడ ఆగాను. ఆవిడ చాలాసేపు నా వంక చూసింది.

"ఎక్కడికి?" అంది.

చెప్పాను.